విడిచిపోయినదానిపై ప్రేమ

ఖరగ్‌పూరు నందలి నిమ్‌పురాలో, స్వగ్రామములను వీడి రైల్వే కొలువునకు వచ్చిన తెలుగువారి సంతతి నివసించుచున్నది. 2001 మొదలు 2003 వరకు ఆ పట్టణమున టిక్కెట్ల తనిఖీదారుగా నుండి రైల్వే జట్టున ఆడిన మహేంద్రసింగ్ ధోనీ పిమ్మట వెడలిపోయెను. అమెరికాలో 1957 పోటీలు ముగిసిన పిదప డాడ్జర్స్ అను బేస్‌బాల్ జట్టంతయు బ్రూక్లిన్‌ను విడిచి లాస్ ఏంజిలిస్‌కు తరలినది.

అభిమానులలో కొందరు ఆగ్రహించిరి. కొందరు మునుపటివలెనే ప్రేమించిరి. వియోగదుఃఖము నింద్యము కాదు. కాని ఆగ్రహించినవారు ప్రేమించినది జట్టునా, "మాది" యను తమ భావమునా? మమకారము, వస్తువు కదలగనే ద్వేషమగును. ప్రతిఫలము కోరని ప్రేమకు దూరము లేదు.

అయినను జట్టు అనిత్యమే. తరలిపోవుదానియందే ఇంత నిష్ఠ నిలుపగల హృదయము, ఎన్నడును విడిచిపోని అంతర్యామియందు దానిని నిలుపజాలదా?