మొసలి పట్టుకున్నాక నేర్చుకునేది కాదు ప్రార్థన



ఈ వారం వీడియోలో గజేంద్ర మోక్షం గురించి చెప్పుకున్నాం కదా. అందులో టైం చాలక వదిలేసిన ఒక విషయం ఉంది. అసలు విషయం అదే అని నాకు తర్వాత అనిపించింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మీలో చాలామంది అడిగేది ఒకటే. "అన్నా, పూజకి కూర్చుంటే మనసు నిలవట్లేదు. మనసు లేకుండా చేస్తే అది నటనే కదా? చేయాలనిపించినప్పుడు దండం పెట్టుకుంటే చాలదా?"

ఒకప్పుడు నేనూ అచ్చం ఇలాగే అనుకున్నాను. ఆ అనుకోవడం నన్ను ఎక్కడ నిలబెట్టిందో ముందు చెప్తాను.

మాది విజయనగరం జిల్లా గజపతినగరం. చంపావతి ఒడ్డున ఉన్న ఊరు. సాయంత్రం దీపాలవేళకి మా మామ్మ దేవుడి గూట్లో దీపం పెట్టి, నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నామాలు చదివేది. పక్కింటివాళ్ళు క్రైస్తవులు. రాత్రి భోజనాలకి ముందు ఇంటిల్లిపాదీ చాప మీద కూర్చునేవారు. ఒక పాట, బైబిల్లోంచి నాలుగు ముక్కలు, ఆపైన ప్రార్థన. పావుగంటలో అయిపోయేది. కరెంటు పోయినా, చుట్టాలొచ్చినా, పిల్లలు ఆవలిస్తున్నా అది మాత్రం ఆగేది కాదు.

చిన్నప్పుడు ఒకసారి ఆ అత్తనే అడిగాను. "అత్తా, రోజూ ఇదే కదా, బోరు కొట్టదా?"

ఆవిడ నవ్వింది. "కొడతాది బాబూ, ఎందుకు కొట్టదూ? అయినా కూకుంటాం. ఆకలేసినా ఏయకపోయినా పొద్దున్నే పొయ్యి ఎలిగించమేటి? ఇదీ అంతే."

ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు.

తర్వాత హైదరాబాద్, ఉద్యోగం, షేరింగ్ రూము. దీపం ఆగిపోయింది. దేవుడి మీద కోపమూ లేదు, నమ్మకం పోనూ లేదు. 'మనసు పుట్టినప్పుడు చేద్దాం' అనుకున్నాను, అంతే. మూడేళ్ళలో మనసు పుట్టిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దసరా వెళ్ళిన మంగళవారం సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్ళి పైడితల్లి అమ్మవారికి దండం పెట్టుకున్న రోజు, ఇంటర్వ్యూ ముందు రోజు, ఇలాంటివే.

ఒక రాత్రి అమ్మకి ఒంట్లో బాగోలేదని ఫోను. విశాఖపట్నంలో ఆసుపత్రి. వరండాలో బెంచీ మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాను. ఒక్క మాట రాలేదండీ. ఏదో శ్లోకం మొదలుపెడితే సగంలో బిల్లు గుర్తొచ్చింది, డాక్టరు మొహం గుర్తొచ్చింది. ఫోన్లో స్తోత్రం వెతికి, చదవలేక మూసేశాను.

తెల్లారేసరికి ఊర్నుంచి బస్సులో, క్యారేజీ పట్టుకుని పక్కింటి అత్త వచ్చింది. క్యారేజీ పక్కన పెట్టి, కొంగు తలమీద వేసుకుని కళ్ళు మూసుకుంది. పెదాలు మెల్లగా కదులుతున్నాయి. ఆవిడ కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి, కానీ ఆవిడ దగ్గర మాటలున్నాయి. నా దగ్గర లేవు. కళ్ళు తెరిచి నన్ను చూసి, "నీకు తెలిసిందే సెప్పుకో బాబూ. మీ మామ్మ రోజూ సదివీది కదా, అదే" అంది.

అప్పుడు వచ్చాయి. అచ్యుతా, అనంతా, గోవిందా. మూడే మూడు నామాలు. నేను ఎప్పుడూ కూర్చుని నేర్చుకున్నవి కావు. మామ్మ ఒళ్ళో ఆడుకుంటూ విన్నవి. అంటే ఆ రోజు నన్ను నిలబెట్టింది నేను సంపాదించింది కాదు, మామ్మ రోజూ కూడబెట్టింది.

అమ్మ కోలుకుంది. కానీ ప్రార్థిస్తే జబ్బు తగ్గుతుందని చెప్పడానికి ఇదంతా రాయలేదు. కష్టంలో నోటికి మాట రావాలంటే, ఏ కష్టమూ లేని రోజుల్లో ఆ మాట నోటికి అలవాటై ఉండాలి. చెప్పాలనుకున్నది ఇది.

గజేంద్రుడు ఆ రోజే నేర్చుకున్నాడా?

గజేంద్ర మోక్షాన్ని మనం ఎలా చెప్పుకుంటాం? మొసలి పట్టుకుంది, బలం అయిపోయింది, పిలిచాడు, స్వామి వచ్చాడు. దాంతో 'ఆపదలో పిలిస్తే చాలు' అని తేల్చేసుకుంటాం. కానీ భాగవతం అష్టమ స్కంధంలో ఆ స్తోత్రానికి ముందు వ్యాసులవారు ఒక మాట చెప్పారు. గజేంద్రుడు జపించింది పూర్వజన్మలో నేర్చుకున్న స్తోత్రమట! ఆ జన్మలో ఆయన ఇంద్రద్యుమ్నుడు అనే పాండ్య రాజు, హరి భక్తుడు. అగస్త్యుడి శాపం వల్ల ఏనుగయ్యాడు. రాజ్యం పోయింది, మనిషి రూపమే పోయింది. చేసిన అభ్యాసం మాత్రం పోలేదు. మడుగులో మొసలి నోట్లో ఉన్నప్పుడు అదే పైకి వచ్చింది.

మా పక్కింటి అత్త చదివే బైబిల్లోనూ ఇలాంటి కథ ఉంది. బబులోనులో దానియేలు అనే భక్తుడు. ముప్పై రోజులపాటు రాజుని తప్ప ఎవర్నీ వేడుకోకూడదని శాసనం వచ్చింది. వేడుకుంటే సింహాల గుహ. ఆ సంగతి తెలిసి కూడా ఆయన ఇంటికెళ్ళి, యెరూషలేము వైపు తెరిచిన కిటికీల దగ్గర మోకరించి, రోజుకి మూడుసార్లు ప్రార్థించాడు. అంతకుముందు చేస్తూ వచ్చినట్టే చేశాడని అక్కడ ఉంటుంది. భయం వేశాక కొత్తగా మొదలుపెట్టింది కాదన్నమాట. మన త్రికాల సంధ్యావందనం గుర్తొస్తోంది కదూ? దారులు వేరు. కానీ ఏ దారిలో నడిచేవాళ్ళకైనా రోజూ నడిస్తేనే కాళ్ళకి బలం.

మరి మనసు నిలవకపోతే?

గీతలో అర్జునుడు అడిగింది ఇదే. మనసుని పట్టడం గాలిని పట్టడంలాంటిది అన్నాడు. కృష్ణుడు కాదనలేదు. కష్టమే, అయినా అభ్యాసంతో, వైరాగ్యంతో పట్టుకోవచ్చు అన్నాడు. పన్నెండో అధ్యాయంలో ఇంకా దిగొచ్చి చెప్పాడు: నా మీద మనసు నిలపలేకపోతే అభ్యాసంతో నన్ను చేరాలని ప్రయత్నించు అని. గమనించారా? మనసు నిలవనివాళ్ళ కోసమే అభ్యాసం చెప్పాడు. మనం దాన్ని తిరగేసి, 'మనసు నిలిచాక అభ్యాసం చేస్తా' అంటున్నాం. కాబట్టి మనసు లేకపోయినా కూర్చోవడం నటన కాదు. మనసుకి దారి వేయడం.

ఎలా మొదలుపెట్టాలి?

చిన్నగా మొదలుపెట్టండి. మొదటి రోజే లలితా సహస్రనామం పట్టుకుని నాలుగో రోజు వదిలేయొద్దు. ఒక నామం, ఒక చిన్న శ్లోకం, ఒక నిమిషం మౌనం. ఐదు నిమిషాలు చాలు.

రోజూ ఎలాగూ చేసే పనికి దాన్ని ముడిపెట్టండి. స్నానం అయ్యాక, ఫోను ముట్టుకోకముందు. ఈ వరుస మారకూడదు.

రూంలో దీపం వెలిగించనివ్వరా? పర్లేదు. ఆకో పువ్వో పండో, ఆఖరికి కాసిన్ని నీళ్ళో భక్తితో ఇస్తే తీసుకుంటానని స్వామే గీతలో చెప్పాడు. షెల్ఫులో చిన్న పటం, గ్లాసుడు నీళ్ళు పెట్టుకోండి.

ఒక రోజు తప్పిందా? మర్నాడు రెట్టింపు చేయొద్దు, సిగ్గుపడి మానేయొద్దు. మామూలుగా కూర్చోండి.

చివరిది, నేను పక్కింటివాళ్ళ దగ్గర నేర్చుకున్నది. కలిసి చేయండి. మనం పూజని ఒక్కరి పనిగా, చాలా ఇళ్ళల్లో అమ్మ ఒక్కదాని పనిగా వదిలేశాం. వారానికి ఒక్కసారైనా ఇంటికి ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టి అమ్మతో కలిసి ఒక స్తోత్రం చదవండి. మీ ఇంట్లో పసిపిల్లలుంటే వాళ్ళు ఆడుకుంటూనే వింటారు. ఆ రోజు నాకు దొరికిన మూడు నామాలు అలా విన్నవే.

అరసవల్లిలో ఏడాదికి రెండుసార్లు, మార్చిలో, అక్టోబరులో సూర్యకిరణాలు స్వామి పాదాలని తాకుతాయి. చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తాం. రావాలి కూడా. కానీ సూర్యుడు ఆ రోజుల్లో మాత్రమే ఉదయించడు కదా. రోజూ ఉదయిస్తాడు కాబట్టే ఆ రోజున పాదాల దాకా వస్తాడు.

రేపు పొద్దున్న ఐదు నిమిషాలు కూర్చోండి. మనసు వస్తే సంతోషం. రాకపోయినా కూర్చోండి.

శుభం. జై శ్రీమన్నారాయణ.