జీతం లేని ట్రైనింగ్

మా తండాలో ఒక తల్లి ఈమధ్య మమ్మల్ని ఒక లెక్క అడిగింది. ఆమె కొడుకు డిగ్రీ పూర్తి చేశాడు. హైదరాబాద్‌లో ఒక పెద్ద బట్టల దుకాణంలో ట్రైనింగ్‌కు తీసుకున్నారు. మూడు నెలలు జీతం ఉండదు, పని నేర్చుకున్నాక ఉద్యోగం చూస్తామన్నారు. రూం కిరాయికి, తిండికి, బస్సుకు ఇంటి నుంచే పంపాలి. ఆమె రెండు మేకలు అమ్మింది. "సారూ, వాడు పొద్దున పదింటి నుంచి రాత్రి పది దాకా నిలబడే ఉంటున్నడు. దుకాణం మంచిగ నడుస్తున్నది. పైసలు మాత్రం నేను పంపుతున్న. మరి షావుకారు దగ్గర జీతమున్నది వాడా, నేనా?" అన్నది.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. దేవరకొండ, చందంపేట, అచ్చంపేట, బాలానగర్ వైపు తండాల నుంచి ఇంటరో డిగ్రీయో చదివిన పిల్లలు ఇట్లా పోతూనే ఉన్నారు. మాల్‌కు, ఆసుపత్రికి, గోదాముకు, హోటల్‌కు. ఒకచోట దాన్ని ట్రైనింగ్ అంటారు, ఇంకోచోట ఇంటర్న్‌షిప్ అంటారు. నేర్చుకునేటప్పుడు జీతం అడగడం మర్యాద కాదని పిల్లలు నమ్ముతున్నారు. టీచర్లలో కూడా కొందరం అట్లాగే అనుకుంటున్నాం. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆ పిల్లవాడు ఏం నేర్చుకున్నాడని మేము అడిగాం. చీరలు మడతపెట్టడం, ట్రయల్ రూం ముందు నిలబడి లోపలికి పోయిన బట్టలు, బయటికి వచ్చిన బట్టలు లెక్కచూడడం, గోదాం నుంచి మూటలు మోసుకురావడం. ఎన్ని రోజుల్లో వచ్చిందంటే రెండు రోజులన్నాడు. మూటలు మోయడం అయితే ఇంటి దగ్గరే వచ్చు కదా అని తనే నవ్వాడు. తొంభై రోజుల్లో రెండు రోజులు నేర్చుకున్నాడు, ఎనభై ఎనిమిది రోజులు పని చేశాడు.

ప్రభుత్వం కనీస వేతనాలు నిర్ణయిస్తూ ఇచ్చే జీవోల్లో పనివాళ్ళను వర్గాలుగా చూపిస్తారు. నైపుణ్యం ఉన్నవాళ్ళకు ఒక రేటు, కొంత ఉన్నవాళ్ళకు ఒక రేటు, నైపుణ్యం లేనివాళ్ళకు ఒక రేటు. చివరి గడిని మన పిల్లలు చిన్నతనంగా చూస్తారు. నిజానికి మనకు ముఖ్యమైనది అదే. ఏ పనీ ముందుగా నేర్వని మనిషి చెమటకు కూడా ఇంతకన్నా తక్కువ ఇవ్వకూడదు అన్నది దాని అర్థం. 2006లో ఉపాధి హామీ మొదలైనప్పుడు మొదటి విడత 200 జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్గొండ రెండూ ఉన్నాయి. మొదటిసారి గడ్డపార పట్టిన కోడలికి కూడా తవ్విన కొలతకు కూలి పడింది. ముందు మూడు నెలలు తవ్వడం నేర్చుకో, తర్వాత చూద్దాం అని ఏ ఫీల్డ్ అసిస్టెంట్ అనలేదు. కరువు నేల తవ్వడానికి లేని షరతు చీర మడతపెట్టడానికి ఎందుకు వచ్చింది?

నిజంగా నేర్పే చోట్లు లేవని కాదు. ఐటీఐ చదివినవాడు ఫ్యాక్టరీలో ఫిట్టర్ పని నేర్చుకోవాలంటే కాలం పడుతుంది, సామాను పాడవుతుంది, నేర్పేవాడి సమయం పోతుంది. అక్కడ కూడా 1961 అప్రెంటిస్ చట్టం స్టైపెండ్ ఇవ్వమన్నది. 2019లో సవరించిన నియమాల్లో అది అయిదో తరగతి చదివినవాడికి నెలకు 5,000 నుంచి డిగ్రీవాడికి 9,000 దాకా ఉంది. 2024లో కేంద్రం తెచ్చిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలోనూ నెలకు 5,000 అన్నారు. (ఆ డబ్బుతో హైదరాబాద్‌లో నెల గడపడం ఎట్లాగన్నది వేరే ముచ్చట.) సెక్యూరిటీ గార్డుల కోసం కేంద్రం రాసిన నమూనా నియమాల్లో శిక్షణ 160 గంటలు. మంటలు ఆర్పడం నేర్పడానికి, తగువు ఆపడం నేర్పడానికి, అన్నిటికీ కలిపి అంతే. కష్టమైన పని నేర్చుకునేవాడికి ఎంతో కొంత ఇస్తున్నప్పుడు, తేలికైన పని చేసేవాడికి ఏమీ ఇవ్వకపోవడం ఏం న్యాయం?

"ఎవరూ బలవంతం చేయలేదు, వాడే సంతకం పెట్టాడు" అంటారు. ఈ మాటకు జవాబు పాతదే. ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం కట్టడాలు లేస్తున్నప్పుడు కూలీలకు రోజుకు 9 రూపాయల 25 పైసలు రావలసి ఉంటే, జమేదార్లు ఒక రూపాయి కోసుకుని ఇచ్చేవాళ్ళు. ఆ కేసులో 1982లో సుప్రీంకోర్టు తీర్పు రాసిన జస్టిస్ భగవతి, బలవంతం అంటే కర్ర చూపించడం ఒక్కటే కాదన్నారు. ఆకలి, పేదరికం, వేరే దారి లేకపోవడం కూడా మనిషిని మెడపట్టి నెడతాయి. కనీస వేతనం కన్నా తక్కువకు ఒప్పుకున్నవాడు అట్లా నెట్టబడ్డవాడే, అది రాజ్యాంగం 23వ అధికరణం కిందికి వస్తుందని చెప్పారు. రూపాయి కోతకే ఆ మాట వచ్చింది. ట్రైనింగ్ అని పేరు పెట్టినప్పుడు కోర్టులో ఎట్లా నిలుస్తుందో లాయర్లు చెప్పాలి. మాకు కావలసింది అందులోని ఆలోచన.

ఇది వెట్టి అనేస్తే సులభంగా ఉంటుంది. మేము అనం. వెట్టి అంటే ఏమిటో నల్గొండ వాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. అప్పటి నల్గొండ జిల్లాలోని జనగామ తాలూకాలో ధర్మాపురం తండా జాటోతు ఠానూ నాయక్ వంటివాళ్ళు దొరల మీద లేచి ప్రాణాలిచ్చింది అందుకే. ఇప్పుడు దుకాణంలో పిల్లవాణ్ణి ఎవరూ కొట్టడం లేదు. వద్దనుకుంటే రాత్రి బస్సెక్కి రావచ్చు.

వెట్టి కన్నా దీనికి దగ్గరగా మాకు ఇంకొకటి కనిపిస్తుంది. మన తాతల కాలంలో పిల్లవాణ్ణి పటేలింట్లో పశువుల దగ్గర పెట్టేవాళ్ళు. తిండి పెడతాం, ఏడాదికో జత బట్టలిస్తాం, పని నేర్చుకుంటాడు అనేవాళ్ళు. పెద్దయ్యాక జీతగాడయ్యేవాడు, అప్పు తీరేదాకా అక్కడే. ఆ పశువులకాడి పిల్లవాడికి కనీసం తిండి పటేలింటిది. మన డిగ్రీ పిల్లవాడికి తిండి కూడా తల్లి పంపాలి. తర్వాత వచ్చిన పాలమూరు లేబర్ సంగతి చూసినా, గుంపు మేస్త్రి ముందు అడ్వాన్స్ ఇచ్చి కట్టేసుకునేవాడు. అదీ అన్యాయమే, కానీ ఇంటి చేతికి ముందు డబ్బు వచ్చేది. ఇప్పుడు అడ్వాన్స్ ఇస్తున్నది మనం. ఆ తల్లి అడిగిన లెక్కకు జవాబు అక్కడ దొరికింది. జీతం లేని పని ఎక్కడా ఉండదు. ఆ జీతం ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు. ఈ మూడు నెలలు దుకాణదారు ఇవ్వవలసినది రెండు మేకలు ఇచ్చాయి. మేకలు లేని ఇంటి పిల్లవాడికైతే ఆ తలుపు దగ్గరికి పోయే వీలు కూడా లేదు.

దీనికి ఎదురు వాదం ఒకటుంది, దాన్ని దాటేయలేం. ఖాళీగా కూర్చోవడం కన్నా ఇది నయం కదా అంటారు. అట్లా పోయినవాళ్ళలో కొందరు నిలదొక్కుకున్నారు, మాకు తెలుసు. ఒకతను ఇప్పుడు ఇరవైమంది మీద సూపర్‌వైజర్. అతన్ని అడిగితే ఆ మూడు నెలలు తనకు మేలే చేశాయంటాడు. ఆ మాట అబద్ధం కాదు. కానీ దప్పికతో ఉన్నవాడికి చెంబెడు నీళ్ళు ఇచ్చి చేతి కడియం తీసుకుంటే, అతనికి మేలూ జరిగింది, మోసమూ జరిగింది. మేలు జరిగింది కాబట్టి కడియం సంగతి ఎత్తవద్దంటే ఎట్లా?

నేర్చుకోవడం అంటే మనకు తెలియనిదా? నల్లమలలో చెంచులు కొండచరియ మీద తేనె తీసేటప్పుడు తాడు పట్టుకునేది భార్య అన్నదమ్ముడు. చెల్లెలు ముండమోయకూడదని వాడు తాడు వదలడు. నేర్చుకునే కుర్రవాడు కింద నిలబడి చూస్తాడు. నేర్చుకుంటున్నాడని వాణ్ణి ఎవరూ పస్తు ఉంచరు.

టీచర్లకు ఒక మాట. హాస్టల్ నుంచి, కాలేజీ నుంచి పిల్లల్ని ఇట్లా పంపి రిజిస్టర్‌లో ఉపాధి దొరికింది అని రాసేస్తున్నాం. 2011లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో భూగర్భశాస్త్రం చదివిన ఒక అమ్మాయిని నిరుద్యోగ భృతి పోతుందని చెప్పి ఒక చౌక దుకాణంలో జీతం లేకుండా పనిచేయించారు. ఆమె కోర్టుకు పోయింది. 2013లో అక్కడి కోర్టులు అది వెట్టిచాకిరీ అనలేదు. కానీ పథకం ఏమిటో ఆ నియమాల్లోనే సరిగ్గా వివరించలేదు కాబట్టి అవి చెల్లవన్నాయి, ఆ మనుషులకు కూడా సరిగ్గా చెప్పలేదన్నాయి. మనం కనీసం అంత అడగవచ్చు. ఎన్ని రోజులు, ఏం నేర్పుతారు, ఎంత ఇస్తారు, తర్వాత ఉద్యోగం ఎంతమందికి అన్నది కాగితం మీద రాసివ్వమనాలి.

ఈ ఏడాది మాలో ఒక టీచర్ అట్లా అడిగారు. పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చినతను మళ్ళీ ఫోన్ చేస్తానని వెళ్ళాడు, చేయలేదు. ఆరుగురు పిల్లలు తండాలోనే ఉండిపోయారు. నలుగురు పత్తి ఏరడానికి పోతున్నారు, సాయంత్రానికి కూలి చేతికొస్తున్నది. ఒకడు టీచర్‌తో మాట్లాడటం మానేశాడు. ఇంకొకడు ఇంట్లో కూడా చెప్పకుండా, అదే మనిషి నంబరు వెతుక్కుని, హైదరాబాద్ బస్సెక్కాడు.