ఆరవ సూన

చరకసంహిత విమానస్థానమున మూడవ అధ్యాయము జనపదోద్ధ్వంసమును గూర్చినది. కాంపిల్యనగర సమీపమున, గంగాతీరమునందు సంచరించుచున్న ఆత్రేయమహర్షిని శిష్యుడగు అగ్నివేశుడు ఒక సందేహ మడిగినాడు. మనుష్యుల ప్రకృతులు వేరు, ఆహారములు వేరు, బలములు వేరు, వయస్సులు వేరు. ఇట్లు అన్నింటను భిన్నులైనవారిని ఒకే కాలమున ఒకే వ్యాధి ఏల కూల్చుచున్నది? ఎంత భిన్నులైనను వారందఱకు ఉమ్మడియైనవి నాలుగు కలవనియు, అవి గాలి, నీరు, నేల, కాలము అనియు, ఇవి చెడినపుడు జనపదమే చెడుననియు గురువు సెలవిచ్చినాడు. ఈ సమాధానములోని వైద్యము నేటికి పాతబడినది; అందలి తత్త్వము పాతబడలేదు. నా ఆరోగ్యము నా సొంతమని తలచువాడు గూడ పదుగురు విడిచిన గాలినే పీల్చి బ్రదుకుచున్నాడు.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా పేర్కొన్నది. 2023 మే 5న అత్యవసరస్థితి ముగిసినదని ప్రకటించినది. అప్పటికి లెక్కకెక్కిన మరణములే దాదాపు 70 లక్షలు. నిజమైన సంఖ్య రెండు కోట్లకు తక్కువ కాదని ఆ సంస్థయే చెప్పినది. ముగిసినది అత్యవసరస్థితి మాత్రమే; వైరసు రూపములు మార్చుకొనుచు, ఒకసారి సోకినవారికే మరల సోకుచు, మనుష్యులలోనే గాక జింకలవంటి జంతువులలో గూడ చోటు చేసికొని, మనతోనే యున్నది. మశూచికి మనుష్యుడు తప్ప వేఱొక ఆశ్రయము లేకుండెను. టీకా పొందినవానికి దాని భయము చిరకాలము లేకుండెను. కావుననే దానిని వెంటాడి పట్టి, 1980 నాటికి భూమిమీద లేదని చాటగలిగినారు. ఈ వైరసు విషయమున అట్టి ముగింపు కనుచూపుమేరలో లేదు. కరోనాతో సహజీవనము తప్పదను మాట 2020 వేసవికే మన నోళ్ళలో నానినది గాని, ఆ సహజీవనపు భారమును ఎవరు మోయవలెనో మనము విచారింపలేదు.

మన పూర్వులకు ఇట్టి సహజీవనము క్రొత్త కాదు. మశూచిని వారు పోలేరమ్మ యనిరి, పోచమ్మ యనిరి. ఇంట అమ్మవారు పోసినదనగానే గుమ్మమునకు వేపమండలు కట్టి, తాలింపులు మాని, పొరుగువారిని లోనికి రానీయక, రోగిని చల్లగా కనిపెట్టుకొని యుండెడివారు. టీకాను కాదని జాతరనే నమ్ముకొన్నచోట ప్రాణములు పోయినవి. ఆ మాట దాచరాదు. అయినను రోగిని దోషిగా చూడక, తల్లి అడుగుపెట్టిన ఇల్లని ఆ ఇంటికొఱకు ఊరే తన నడకను మార్చుకొన్న ఆ సంస్కారమును నేను గౌరవింతును. 2020లో అది మనలో ఎంత అడుగంటినదో, వ్యాధి సోకిన ఇంటివారిని వెలివేసినట్లు చూచిన వీధులను, శవములను శ్మశానమునకు రానీయక అడ్డుపడిన ఊళ్ళను తలచుకొన్నచో మనస్సు కలుక్కుమనును.

నిత్యము ఒక అపాయముతో కలిసి బ్రదుకుటకు దారి మాత్రము నాకు గృహస్థధర్మమునందే స్పష్టముగా కనబడుచున్నది. పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికడవ అను అయిదింటిని స్మృతికారులు పంచసూనలనిరి. సూన యనగా వధ్యస్థానము. వీనివలన ప్రతి గృహస్థుడును ప్రతిదినమును తెలియకయే ఎన్నో ప్రాణులను చంపుచున్నాడు. శాస్త్రము అతనిని వంట మానుమనలేదు, ఇల్లూడ్చుట మానుమనలేదు. ఉద్దేశము లేదు గనుక దోషము లేదని విడిచిపెట్టనులేదు. ఆ దోషము తీరుటకై అయిదు మహాయజ్ఞములను విధించినది. అందొకటి మనుష్యయజ్ఞము, ఇంటికి వచ్చినవానిని ఆదరించుట. దోషము నిత్యము గనుక ధర్మమును నిత్యమే. ఒక్కనాడు చేసి తీర్చుకొని మఱచిపోవుటకు వీలు లేదు. ఊపిరి నేడు ఆరవ సూనయైనదని నా భావము. లక్షణములు పొడసూపక మునుపే వైరసు ఊపిరితో బయలుదేరుననియు, గాలి కదలని గదిలో చాలసేపు నిలుచుననియు ఇప్పుడు నిశ్చితముగా తెలిసినది. బలము గలవానికి రెండునాళ్ళ జలుబైనది, వాని ఊపిరి సోకిన వేఱొకనికి ప్రాణాంతకము కావచ్చును.

మొన్న మాఘమాసమున ఒక పెండ్లికి పోయితిని. ఏసీ హాలు తలుపులు బిగించి వందలాదిగా కూర్చుండిరి. పెండ్లికుమార్తె పినతల్లి మూత్రపిండము మార్పిడి చేయించుకొన్న మనిషి. మార్చిన అవయవమును శరీరము తిరస్కరింపకుండ ఆమె జీవితాంతము వేసికొనవలసిన మాత్రలు రోగనిరోధకశక్తిని అణచియే యుంచును, టీకావలన గూడ ఇతరులకు వచ్చినంత రక్ష ఆమెకు రాదు. ఆమె మాస్కు పెట్టుకొని బయట షామియానా క్రింద కుర్చీలో కూర్చుండి, మైకులో గట్టిమేళము వినబడగానే గుప్పిటిలోని అక్షతలను హాలువైపు చల్లినది. “ఇంకా ఆ భయమేనా పిన్నీ, అందరం మామూలైపోయాంగా!” అన్నాడు అక్క కొడుకు, ప్రేమతోనే. “లోపల ఒక్క కిటికీ తీయించు నాన్నా, వస్తాను” అన్నదామె. తీయుటకు వీలైన కిటికీ ఆ హాలుకు లేనే లేదు. వైరసుతో సర్దుకొంటిమని చెప్పుకొనుచున్న మన సంఘము, ఆమెను షామియానా క్రింద కూర్చుండబెట్టి సర్దుకొన్నది.

ఈ మాస్కు, ఈ ఎడము మన పెద్దలు పాటించిన మడియే గదా, అంటుముట్టే గదా యని సంతోషించువారు కలరు. ఆ సంతోషమున నేను పాలుగొనలేను. అంటరానితనము ఎదుటివానిని పుట్టుకచేతనే మలినుడని తీర్పు చెప్పి, ఊరివెలుపల నిలిపిన దూరము. నావలన ఎదుటివానికి కీడు కలుగునేమోయని నన్ను నేను శంకించుకొనుట దానికి పూర్తిగా విరుద్ధమైన మార్గము. స్థానకవాసి జైనసాధువులు నోటికి కట్టుకొను ముఖవస్త్రిక ఈ మార్గమునకు చెందినది. తమ ఊపిరి తాకి గాలిలోని సూక్ష్మజీవులు నశింపరాదని వారు దానిని ధరింతురు. పోయినవారు తమ కర్మచేత పోయిరనుట గూడ నాకు సమ్మతము కాదు. జనపదోద్ధ్వంసమునకు మూలము అధర్మమని చరకసంహిత చెప్పుట నిజమే. కాని ఆ అధర్మమును రోగుల తలపై మోపక, దేశమును నగరమును ఏలు పెద్దలనుండి లెక్కింప మొదలిడినది.

2020 మార్చి 20న తిరుమలలో భక్తులకు దర్శనము ఆపినారు. నిత్యకైంకర్యములు ఏకాంతముగా జరిగినవి. దర్శనముకంటె ప్రాణరక్షణ ముందని అంతటి ఆలయమే అంగీకరించినపుడు, గోడకు రెండు కిటికీలు పెట్టించుట పెండ్లిహాలు యజమానికి ఎంతటి పని?

అయితే గృహస్థు డొక్కడు చేయగల యజ్ఞము కొంతవఱకే. జ్వరము వచ్చినచో ఇంటనే యుండుమని రోజుకూలికి చెప్పుట సులభము. ఆనాటి కూలి ఎవరిత్తురు? 2020 మార్చి 25న దేశమంతయు తలుపులు మూసికొన్న తరువాత, నెత్తిన మూటలతో, చంకన బిడ్డలతో రహదారులు పట్టి వందలమైళ్ళు నడిచినవారికి మనము నేటికిని బదులు చెప్పలేదు. జ్వరపడిన పనిమనిషికి జీతము కోయకుండ సెలవిచ్చుట ఇంటివారు చేయవలసిన మనుష్యయజ్ఞము. బడిగదికి ఎదురెదురు కిటికీలు, వృద్ధులకును రోగులకును అవసరమైనప్పుడు టీకా, ఇవి ప్రభుత్వము చేయవలసినవి. పెద్దాసుపత్రిలో ఓపీ చీటీకొఱకు దగ్గుచు నిలుచున్నవాడును, డయాలిసిస్‌కై వచ్చినవాడును ఒకే వరండాలో భుజములు రాసికొని గంటలకొలది నిలుచుండుట మనము రోజూ చూచుచున్నదే. దగ్గువారి వరుసను విడదీసి ఆరుబయటికి మార్చుటకు వలసినది ఒక రేకులపందిరి, నాలుగు బల్లలు, చీటీ వ్రాయుటకు మఱియొక మనిషి.