లంగరు ఎత్తగలవారి బాకీ

కరీబియన్ ద్వీపములలో తెరచాప పడవనే ఇల్లుగా చేసికొని, ఒక్కొక్క రేవులో కొన్నాళ్లుండి సాగిపోవువారు కలరు. అక్కడ జూన్ నుండి నవంబరు వరకు తుఫానుల కాలము. 2024 జూలై 1న బెరిల్ తుఫాను గ్రెనడా దేశపు కారియాకూ ద్వీపమును తాకకముందే, పడవలవారు కొందరు దక్షిణమున ట్రినిడాడ్‌కు తరలిపోయిరి. ద్వీపవాసులు మిగిలిరి. వారి ఇండ్లు చాలా వరకు పాడైపోయినవి.

వెళ్లిపోవుట తప్పా? ప్రాణము కాపాడుకొనుటను మనము తప్పుపట్టలేము. అయితే ఆ ఊరి నీళ్లు త్రాగి, ఆ రేవులో నిదురించినవారు ఆ ఊరికి బాకీపడరా? పగడపు దిబ్బపై లంగరు వేసినచో, పడవ పోయినను గాయము మిగులును. ఇసుక చూచి లంగరు వేయుట, గాలివాన వెలిసిన తరువాత మంచినీళ్లు, సామాను తీసికొని తిరిగివచ్చుట, ఇవి ఆ బాకీ తీర్చు మార్గములు.

మనమును వేరొక చోటినుండి వచ్చి స్థిరపడినవారమే గదా! ఎన్నాళ్లుందుమో తెలియకున్నను, ఉన్నన్నాళ్లు ఆ ఊరికి పొరుగువారమై యుందుము గాక.