మృతమిత్రుని యెడ సత్యము

‘చచ్చినవాని కండ్లు చారెడు’ అని మనవారి సామెత. బ్రదికియున్నపు డెవ్వరును జూడని కన్నులు చితి చల్లాఱిన పిదప విశాలము లగునని దాని పరిహాసము. వృద్ధుల విషయమున దీనిని విని నవ్వి యూరకుండవచ్చును. కాని బాల్యమిత్రుఁడు చిన్నవయసుననే గతించినపుడు వానిని మన మెట్లు స్మరింపవలెనన్నది ధర్మాధర్మ విచారణకు లోఁబడిన ప్రశ్నయే యని నా యభిప్రాయము. వృద్ధుఁడు తన చరిత్రమును తానే నడపి పోవును. పదునెనిమిదేండ్లవాఁడు మొదటి పుటలతో విడిచిపోవును. తక్కిన పుటలను మనము నింపుచుందుము, వాని చేవ్రాలుతో.

మృతుని నిందించుట నేరము కావచ్చునని మన చట్టము చెప్పుచున్నది. వాఁడు బ్రదికియున్నచో వాని కీర్తికి భంగకరమగునట్టి మాటను, వాని బంధువులను నొప్పింపవలెనను నుద్దేశముతో నాడినచో పరువునష్టమగునని 1860వ సంవత్సరపు శిక్షాస్మృతి 499వ సెక్షను మొదటి వివరణము. 2024 జూలై 1 నుండి దాని స్థానమున వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను గూడ నీ రక్షణమును నిలిపినది. కాని మృతుని లేనిపోని స్తోత్రమునుండి కాపాడు సెక్షను నే నెఱిఁగిన యే స్మృతిలోను లేదు. నింద కుత్తరము చెప్పుటకు బంధువులు లేతురు. స్తోత్రమును గాదనుట కెవ్వరు లేతురు?

నా మిత్రుఁడు 1997లో జ్వరముచే మృతినొందెను. అప్పటికి మా సిద్దిపేట మెదకు జిల్లాలోని పట్టణము. 2014 జూన్ 2 నాఁ డేర్పడిన తెలంగాణ రాష్ట్రమును గాని, 2016 అక్టోబరు 11 నాఁ డేర్పడిన సిద్దిపేట జిల్లాను గాని వాఁడు చూడలేదు. మే మిరువురము సాయంకాలములందుఁ గూర్చుండి వాదించుకొనుచుండిన కోమటిచెఱువు కట్ట నేఁడు విహారస్థలమైనది. అయినను మా యీడువారు కూడినపుడెల్ల ‘వాఁ డుండినయెడల’ అని యారంభింతురు. 2009 నవంబరు 29 నాఁడు నిరాహారదీక్షకై సిద్దిపేటకు బయలుదేఱిన చంద్రశేఖరరావుగారిని కరీంనగరమువద్ద నిర్బంధించిరి గదా. నాఁడు వాఁ డుండినచో ముందువరుసలో నిలిచెడివాఁడని యొకరు చెప్పుదురు. వాఁడు జాతరకుఁ బోవుటకే యిష్టపడనివాఁడు. గుంపును జూచిన నూపిరాడదని యింటికి మరలెడివాఁడు. పదిరెండేండ్లలో మాఱియుండవచ్చు ననిన నందును. మాఱి యుండెనని ప్రమాణము చేయుట వేఱు.

న్యాయస్థానమున మృతుని మాటకుఁ జోటు లేకపోలేదు. 1872వ సంవత్సరపు సాక్ష్య శాసనము 32వ సెక్షనులోను, ఇపుడు భారతీయ సాక్ష్య అధినియమము 26వ సెక్షనులోను మరణవాఙ్మూలమునకు స్థాన మొసఁగిరి. అయితే వాఁడు చెప్పిన మాటకే యా గౌరవము. చెప్పియుండునని మన మూహించు మాటను నే న్యాయాధిపతియెదుటఁ బెట్టినచో నాతఁడు కాగితమును వెనుకకుఁ ద్రోయును. స్నేహమున నింతకన్న తక్కువ కట్టుదిట్టముండుట న్యాయమా?

సాహిత్యమున నొక నిదర్శనము గలదు. శ్రీశ్రీ 1950లో ‘మహాప్రస్థానము’ను గ్రంథముగాఁ బ్రకటించుచు, 1937లోనే గతించిన తన మిత్రుఁడు కొంపెల్ల జనార్దనరావున కంకితము గావించెను. పదుమూడేండ్లు కడచినను మఱవకుండుట గొప్పదియే. ఫలమును జూడుఁడు: జనార్దనరావుగారిని నేఁ డెఱిఁగినవారిలోఁ బెక్కురు శ్రీశ్రీ గీతము మూలముననే యెఱుఁగుదురు. ఆయన నడపిన ‘ఉదయిని’ పుటలను దిరుగవేసినవారు బహుస్వల్పము. ఇందుఁ గవి దోషమేమియు లేదు. దోషము మన బద్ధకమునది. మిత్రుని కంటినీరు చూచి సంతృప్తులమై, మృతుని వ్రాఁతను చూడనొల్లకున్నాము.

ఇంకను బ్రాచీనమైన కథ యొకటి. ఉత్తరాఫ్రికాలోని తగస్తె పట్టణమున అగస్టీనున కొక మిత్రుఁ డుండెను. ఇరువురు నొక్కచోటఁ బెరిఁగి, యొక్కచోటఁ జదివి, యొక్కచోట నాడుకొన్నవారు. మిత్రుఁడు జ్వరమున స్మృతి దప్పి పడియుండఁగా నింటివారు వానికి జ్ఞానస్నానము చేయించిరి. కొంత తేఱుకొనఁగానే అగస్టీను దానిని హాస్యమాడెను. తనతోపాటు వాఁడును నవ్వునని తలంచెను. వాఁడు నవ్వలేదు, స్నేహితుఁడవై యుండఁ దలఁచితివేని యిట్టిమాట లాడకుమని గద్దించెను. కొలఁది దినములలో జ్వరము తిరుగఁబెట్టి చనిపోయెను. క్రీస్తుశకము 400 ప్రాంతమున వ్రాసిన ‘ఆత్మనివేదనము’లో అగస్టీను మిత్రుని పేరైనను జెప్పలేదు గాని, యా గద్దింపును మాత్రము విడువలేదు. పేరు పోయినను మనిషి మిగిలెను. తన్నుఁ గాదన్న గడియను దుడిచివేయుట కాతని నెవ్వరును నడ్డగించియుండరు.

నా మిత్రుఁడును నన్ను గాదన్నవాఁడే. నేను న్యాయశాస్త్రము చదివెదనన్నపుడు ‘ఉన్నోని దిక్కు మాట్లాడుడే గదా!’ అని యెగతాళి చేసెను. నేఁడు నా యభివృద్ధిని జూచి వాఁ డెంత సంతసించెడివాఁడో యని మిత్రులు పలుకునపుడు నే నా మాటను వారికి వినిపింతును. కొందఱకు రుచింపదు. ధనికుని వకాల్తా పుచ్చుకొన్న దినమున నాకును రుచింపదు. అయినను వాని నోట నా మెచ్చుకోలును బెట్టుటకు నా కధికారము లేదు.

దుఃఖితుల యెదుట మృతుని లోపము లెన్నుట గాయముమీఁద కారము చల్లుట గాదా యని చదువరు లడుగవచ్చును. శత్రువు లెన్నిన నట్లే యగును. అయినను వాని తల్లి నాకుఁ జెప్పినదానినిఁ గూడ వినుఁడు. ఆమె కిప్పుడు డెబ్బదియేండ్లు దాఁటినవి. నిరుడు వాని తిథినాఁడు పోయి కూర్చుండఁగా, వచ్చినవారందఱు వెడలిన పిమ్మట నన్ను నిలిపి, ‘అందరు బంగారమసొంటోడనే అంటున్రు బిడ్డా. గట్ల అనంగ అనంగ నాకు వాని మొకమే మరుపస్తున్నది. నాతోని లొల్లి పెట్టుకున్నది నీకెరుక గదా, అది చెప్పు’ అనెను.

నేను చెప్పితిని. పుస్తకము లెరువీయక దాఁచుకొనుట, ఆటలో నోడినచో రెండుదినములు మాటలాడకుండుట, అన్నములో నుప్పు తక్కువైనదని పళ్లెమును ద్రోసివేసి యాఁకలితో మా యింటికి వచ్చుట, అన్నియుఁ జెప్పితిని. ఆమె కన్నులు దుడుచుకొనుచునే నవ్వి, ‘గాయింత కాదు’ అని, కందిపప్పు డబ్బాలో తాను దాఁచుకొన్న చిల్లరను వాఁ డెన్నిసారులు తీసికొనిపోయెనో లెక్క చెప్పఁదొడఁగెను.