సిరాబుడ్డి విదూషకుడు, విద్యారణ్యుల గుడ్డ

సిరాబుడ్డిలోంచి ఒక విదూషకుడు పైకి లేస్తాడు. తనను గీసిన మనిషితోనే తగవు పెట్టుకుంటాడు, కాగితం మీంచి దూకి గదంతా అల్లరి చేస్తాడు, ఆట ముగిశాక మళ్లీ ఆ బుడ్డిలోనే కలిసిపోతాడు. అమెరికాలో మాక్స్ ఫ్లైషర్ 1918 నుంచి 1929 దాకా తీసిన ‘అవుటాఫ్ ది ఇంక్‌వెల్’ మూకీ హాస్యచిత్రాల వరస ఇంచుమించు ఇదే. విదూషకుడు కోకో గీతల్లో పుట్టిన బొమ్మ, మాక్స్ కెమెరా ముందు నిలబడ్డ మనిషి. వేదాంతం కాస్త ఎరిగినవాళ్లకు పోలిక చప్పున తడుతుంది: మాక్స్ ఈశ్వరుడు, కోకో జీవుడు, సిరాబుడ్డి పుట్టుకకూ లయానికీ చోటు. ఈ పోలిక సగమే సరైనది. తెర మీద కనిపించే మాక్స్ కూడా బొమ్మే కదా. గీసే చెయ్యీ గీసిన రూపమూ రెండూ ఒకే తెర మీది వెలుగునీడలు. ఈ హాస్యం మనకు నేర్పే తత్త్వమేదైనా ఉంటే అది ఇక్కడే ఉంది.

మాక్స్ వెనక ఒక నిజమైన మనిషి ఉన్నాడు, కోకో వెనక ఎవరూ లేరు కదా అని అడగవచ్చు. కానీ కోకో వెనకా మనిషి ఉన్నాడు. మాక్స్ తమ్ముడు డేవ్ విదూషకుడి వేషం కట్టి ఆడితే, ఆ ఫిలిం మీది కదలికల్ని ఒక్కొక్క చట్రంగా కాగితం మీదికి దించారు. మాక్స్‌కు 1917లో పేటెంట్ వచ్చిన రోటోస్కోప్ పని అదే. వాల్ట్ డిస్నీ 1923లో మొదలుపెట్టిన ‘ఆలిస్’ చిత్రాల్లో వ్యవహారం తిరగబడింది. అక్కడ బొమ్మల లోకంలోకి సజీవమైన పాప వెళ్తుంది. ఆ పాపగా వేసిన వర్జీనియా డేవిస్‌ను తెల్లటి గుడ్డ ముందు నిలబెట్టి చిత్రీకరించి, మిగిలిన తెలుపులో లోకాన్ని గీశారు. బొమ్మ బయటికి రాగలదు, మనిషి లోపలికి పోగలడు. రెండు వైపులా దారి ఉందంటే అడుగున ఉన్న నేల ఒకటే అయి ఉండాలి.

ఆ నేలకు అద్వైత వేదాంతి విద్యారణ్యులు 14వ శతాబ్దంలోనే గుడ్డ అని పోలిక చెప్పారు. ఆయన గ్రంథం ‘పంచదశి’ ఆరో ప్రకరణమైన చిత్రదీపంలో గుడ్డకు నాలుగు దశలు: ఉతికినది, గంజి పెట్టినది, గీతలు గీసినది, రంగులద్దినది. శుద్ధ బ్రహ్మం మొదలు కంటికి కనిపించే విరాట్టు దాకా నాలుగింటికీ ఇవి గుర్తులు. ఇది పండితుల ఊహ మాత్రమే కాదు. చింతగింజల జిగురూ సుద్దా పట్టించి, రాతితో నునుపు చేసి, ఆ పైన గీతా రంగూ వేసే ఒడిశా పటచిత్రకారుడి చేతిపనిలో ఈ వరస ఇప్పటికీ కనిపిస్తుంది. విద్యారణ్యుల చూపు అక్కడ ఆగలేదు. చిత్రంలోని మనుషులు కట్టుకున్న బట్టల్ని కూడా ఆయన గమనించారు. అవి రంగుతో వేసినవి. అయినా అడుగునున్న అసలు గుడ్డలాగే తోస్తాయి. జీవుడి తెలివి అలాంటి రంగు బట్ట. ఇక ఈశ్వరుణ్ణీ ఆయన చిత్రం బయట నిలపలేదు: మాయ అనే కామధేనువుకు జీవేశ్వరులిద్దరూ దూడలే. మాక్స్, కోకో ఒకే తెర మీద తగవులాడుకోవడమంటే ఇదే.

భక్తుడు దీన్ని ఒప్పుకోడు. దేవుణ్ణి బొమ్మను చేస్తే మొక్కేదెవరికి అంటాడు. దీనికి జవాబు ఒడిశాలోని బరంపురం వీధుల్లో దొరుకుతుంది. అక్కడ రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి అమ్మవారి యాత్రలో మొక్కుకున్నవాళ్లు ఒళ్లంతా రంగులు పూసుకుని దేవతల, రాక్షసుల, పులుల వేషాలు కడతారు. పురాణ ఘట్టాల బొమ్మలూ బతికున్న వేషగాళ్లూ ఒకే వీధిలో కనిపిస్తారు. రంగు రంగేనని అక్కడ అందరికీ తెలుసు, అయినా మొక్కు చెల్లుతుంది. రూపం కల్పితమని తెలిసినంత మాత్రాన రూపం మోసే భక్తి అబద్ధమైపోదు. రెండో ఆక్షేపణ ఇంకా బరువైనది: అంతా చిత్రమే అయితే కష్టం కూడా ఉత్తదేనా? అదే ఒడిశా తీరాన మార్కండి రేవులో తెప్ప దించే తెలుగు జాలరికి అల మిథ్య అని చెప్పబోతే నవ్విపోతాడు, నవ్వాలి కూడా. అద్వైతం చెప్పేది అది కాదు. బొమ్మలోని అల బొమ్మలోని తెప్పను ముంచనే ముంచుతుంది. ఒకే తలంలో ఉన్నవి ఒకదాన్నొకటి తాకుతాయి, కాబట్టి ఆ తలంలో సాయమూ ధర్మమూ తప్పించుకోలేనివే.

మిగిలేది ఒక్క ప్రశ్న: గుడ్డ ఒక్కటే చాలుతుందా? చీకట్లో తెర ఉన్నా బొమ్మ లేదు. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడూ బంగారక్కా ఎంత నవ్వించినా తెర వెనక దీపం ఆరితే రాముడితో పాటు వాళ్లూ ఉండరు. ‘పంచదశి’ పదో ప్రకరణమైన నాటకదీపం చెప్పేది ఈ దీపం గురించే. నాట్యశాలలో అది యజమానినీ సభ్యులనూ నర్తకినీ సమానంగా వెలిగిస్తుంది, అందరూ వెళ్లిపోయాక కూడా వెలుగుతూనే ఉంటుంది. గీసేవాడికీ గీసిన బొమ్మకూ మధ్య తగవును ఆ వెలుగు తీర్చదు, ఎవరి పక్షమూ పట్టదు. ఆ తగవు కనిపించేలా చేస్తుంది, అంతే. కోకో మాక్స్ మీద తిరగబడినప్పుడు మనం ఇద్దరినీ చూసి నవ్వగలుగుతున్నామంటే, ఆ కాసేపూ మనం చూస్తున్నది ఆ దీపం వైపు నుంచే.