సాలగ్రామ సాక్ష్యము



ఆషాఢమున లాల్‌దర్వాజా వీథులలో బోనములెత్తు స్త్రీల పాదముల క్రింద నున్న గ్రానైటు శిల యించుమించు 250 కోట్ల సంవత్సరముల నాటిది. భూగర్భాగ్నిలో కరగి గట్టిపడిన యా శిలయందు సముద్రజీవుల చిహ్న మొక్కటియు దొరకదు. అయినను ఈ నగరమున ననేక గృహముల దేవతార్చన పెట్టెలలో పురాతన సముద్రప్రాణి యొకటి తులసీదళములతో పూజ లందుకొనుచున్నది. అదియే సాలగ్రామము.

నేపాళమున కాళీగండకీ నది దొర్లించి తెచ్చు నల్లరాళ్లలోని చక్రము అమ్మొనైటను ప్రాణి గుల్ల, లేక దాని ముద్ర. నత్తను బోలినను అది నత్త కాదు. ఆక్టోపసునకును నాటిలసునకును జ్ఞాతి. గుల్లను అరలరలుగా గట్టుకొని, వెలుపలి యరలో తాను నివసించి, తక్కిన యరలలోని వాయువుచే నీట తేలియాడెడిది. చచ్చి బురదలో బడగా ఆ బురదయే రాయయ్యెను. ఇది జరిగి సుమారు 15 కోట్ల యేండ్లు. ఆ సముద్రమునకు శాస్త్రజ్ఞు లిడిన పేరు టెథిస్. మన భూఖండ ముత్తరమునకు సాగి, సుమారు 5 కోట్ల యేండ్ల క్రిందట ఆసియాను ఢీకొనగా, సముద్రగర్భమే హిమాలయమై లేచెను. అంతకు ముందే, 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట, అమ్మొనైటుల జాతి యంతయు నశించెను. అంత దూర మేల? మన ఏలూరు సీమలోని రాఘవాపురపు పొరలయందును అవి దొరకినవి.

ఇట్టి శిలను హేళన చేయుట మా యభిమతము కాదు. దేవుడే యనువారును, వట్టి రాయనువారును దానిని చదువకయే తీర్పు చెప్పుచున్నారు. చదివినవానికి అది సృష్టికర్త కాలగణనలో నొక పుట.

నీరు తోడి, నైవేద్యము వండు ఇల్లాలు ఆ శిలను తాకరాదని పలు గృహములందు కట్టుబాటు. గండకీ యొడ్డున దానిని మొదట చేతబట్టినవా రెవ్వరో, స్త్రీయో పురుషుడో, ఏ కులమువారో మన మెన్నడైన విచారించితిమా? నదీతీరమున దోషము కాని స్పర్శ మన పూజగదిలో దోష మెట్లగును? కోట్ల యేండ్లు బురదయు, హిమమును, వరదయు సోకి చెడని శిల తల్లి చేయి సోకి చెడునా?

శిలలను సేకరింప గోరు యువజనులకు నొక మాట. దొరకిన తావు వ్రాయక తెచ్చిన శిల ఊరు పేరు చెప్పలేని సాక్షి వంటిది. దాని వాఙ్మూలము చెల్లదు. చోటును, పొరను, తేదిని వ్రాసికొనుడు. రాలినదానిని గైకొనుడు, పొరను పగులగొట్టకుడు. అరుదైనదానిని మ్యూజియమున కప్పగింపుడు. గోదావరీ లోయలో దొరకిన కోటసారసు అస్థిపంజరము నేడు మన బిర్లా విజ్ఞాన మ్యూజియమున నిలిచియున్నది. దాని శాస్త్రీయ నామములో యామనపల్లి పేరు నిలిచినది. తావు మరువని సేకరణ కది ఫలము.

కావున పెట్టె తెరచి, ఆ శిలను మీ యాడుబిడ్డల యరచేత నుంచుడు. చక్రములోని యరలను వారిని లెక్కింపనిండు. సముద్రమును పర్వతముగా నెత్తిన యీశ్వరుడు మన యిండ్లలోని యీ చిన్న గడపను దాటు ధైర్యమును మనకు ప్రసాదించుగాక!